మే నెలలో సూర్యలంక వెళ్తున్నాం: ఇసుక నేలల్లో మన సొంత పూలమొక్కల్ని ఎక్కడ, ఎలా వెతకాలి?

శ్రావణి_ఉప్పల్

నమస్తే అందరికీ. మే రెండో వారంలో హైదరాబాద్ నుంచి నలుగురం బాపట్ల వెళ్తున్నాం. రెండు ఉదయాలు, ఒక సాయంత్రం సూర్యలంక తీరంలోనే ఉంటాం. అలల దగ్గర కంటే వెనకున్న ఇసుక దిబ్బలు, ఎండు గడ్డినేలల్లో ఎక్కువసేపు తిరగాలని ఉంది. ఆ ప్రాంతానికి సొంతమైన మొక్కల్లో ఏవి పూస్తున్నాయో చూడాలి.

ఎండాకాలం నడిమధ్యలో పూలు నిజంగా దొరుకుతాయా, వానలదాకా ఆగడం మేలా? తీరంలో ఎక్కడ మొదలుపెట్టి ఎటు నడవాలి? బయటి దేశాల నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన మొక్కల్ని వేరుచేసేదెలా? ఫోన్ యాప్ ఒకే మొక్కకు ఒక ఫొటోతో ఒక పేరు, ఇంకో ఫొటోతో ఇంకో పేరు చెబుతోంది. దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? మా దగ్గరున్నవి మామూలు ఫోన్ కెమెరాలు, 10 రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం, ఒక నోటుబుక్కు. ఇంకేం కావాలో చెప్పండి.

తీరపుగడ్డి

శ్రావణి గారూ, పూలు దొరుకుతాయి. కానీ నేలంతా పరుచుకుని ఉంటాయని మాత్రం వెళ్ళకండి. తీరపు ఇసుకలో ఎక్కువ మొక్కలు పూసేది ఆగస్టు నుంచి డిసెంబరు దాకా. మే నెలలో కనిపించేవి మూడు రకాలు: వేరు లోతుకు దించుకున్నవి, ఆకుల్లో నీళ్ళు దాచుకున్నవి, ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో పడ్డ జల్లుకు లేచినవి. మీరు బయల్దేరే ముందు పదిహేను రోజుల్లో బాపట్ల వైపు గట్టి వాన పడిందేమో కనుక్కోండి. పడితే పల్లేరు, గలిజేరు లాంటివి పూతమీద ఉంటాయి. పడకపోతే మొదటి రెండు రకాలతోనే సరిపెట్టుకోవాలి.

వేళ చాలా ముఖ్యం. బలబంద తీగ పువ్వు తెల్లవారుతూనే విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతుంది. విష్ణుక్రాంతం నీలి పువ్వు కూడా ఎండ ముదిరితే ముడుచుకుంటుంది. అందుకే మీ నడక అయిదున్నరకు మొదలై ఎనిమిదిన్నరకు ముగియాలి. తుత్తురుబెండ మాత్రం తద్విరుద్ధం. దాని పసుపు పూలు పొద్దు వాలాకే విప్పుకుంటాయి. మీ ఒక్క సాయంత్రం కంచెల వెంట, దారుల పక్కన దానికోసం పెట్టుకోండి.

ఇక దారి. ఒడ్డు వెంబడి కిలోమీటర్లు నడిచేవాళ్ళకు అవే నాలుగు మొక్కలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. నీటి అంచు దగ్గర నిలబడి, సముద్రానికి వీపు పెట్టి, నేరుగా లోపలికి నడవండి. ఉప్పు తుంపర తగ్గేకొద్దీ, ఇసుక కదలిక తగ్గేకొద్దీ మొక్కలు మారిపోతాయి. ఆ మార్పే అసలు చూడాల్సింది. రెండు మూడు వందల అడుగుల్లోనే మూడు నాలుగు పట్టీలు దాటతారు.

అలలు తాకని మొదటి దిబ్బ మీద రావణాసురుని మీసాలు అనే గడ్డి, బలబంద తీగ ఉంటాయి. బలబంద ఆకు కొన దగ్గర రెండుగా చీలి మేక గిట్టలా ఉంటుంది, పువ్వు ఊదా గులాబీ రంగు గరాటు. దాని పక్కనే పాకే ఇంకో తీగను చూసి బలబందే అనుకుని దాటిపోతారు చాలామంది. ఆగి ఆకు చూడండి. మూడేసి ఆకులు కలిసి ఉంటే అది అడవి తమ్మ జాతి తీగ, కెనవాలియా. గులాబీ రంగు చిక్కుడు పువ్వు తలకిందులుగా ఉన్నట్టు కనిపిస్తుంది: చిక్కుడు కుటుంబంలో సాధారణంగా పైన ఉండే పెద్ద రేకు దీనిలో కిందికి వస్తుంది. తర్వాత కాయ దొరికితే ఇక అనుమానమే ఉండదు, గట్టి వెడల్పాటి చిక్కుడు కాయ.

అదే పట్టీలో ఇసుకకు అంటుకుని ఆకులు గుండ్రంగా పరిచి, పసుపు పూలు పూసేది లౌనియా. ఒక్కో గుత్తి నుంచి సన్నటి కాడలు ఇసుక మీద పాకి, కణుపు దగ్గర మళ్ళీ ఒక ఆకుల గుత్తి వేస్తాయి. ఇంకొంచెం అదృష్టం ఉంటే హైడ్రోఫైలాక్స్ చూస్తారు. కండగల చిన్న ఆకులు, లేత ఊదా రంగులో నాలుగు రేకుల పువ్వు. తలెత్తి నడిస్తే ఇది కనపడదు, మోకాళ్ళ మీద కూర్చోవాలి.

మొదటి దిబ్బ దాటాక, సరుగుడు తోటలకు ముందు, గడ్డి పలచగా ఉన్న నేలే మీరు వెతుకుతున్నది. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది. ఎక్కువసేపు ఇక్కడే గడపండి. వెంపలి, చెరగడ్డం, విష్ణుక్రాంతం, కొండపిండి, ఏనుగు పల్లేరు ఇక్కడివే. చిరివేరు కోసం ప్రత్యేకంగా వెతకండి: జానెడు ఎత్తు కూడా లేని మొక్క, సన్నటి ఆకులు, చివర గొడుగులా కూడిన నాలుగు రేకుల తెల్లటి చిట్టి పూలు. మచిలీపట్నం, పెడన కలంకారీ ఎరుపుకు ఒకప్పుడు దీని వేరే ఆధారం. వేరు చూడాలని మాత్రం పీకొద్దు. ఒక మొక్క పోతే ఆ ఇసుకలో దాని చోటు త్వరగా పూడదు.

పల్లపు చోట్లు, ఉప్పు పేరుకున్న అంచుల్లో వంగరెడ్డి కూర ఉంటుంది. ఎర్రటి కాడలు, కండగల ఆకులు, గులాబీ నక్షత్రం లాంటి పువ్వు. ఉప్పు లేని తేమ నేలైతే బొక్కెనాకు పరుచుకుని ఉంటుంది. దట్టమైన సరుగుడు తోటలోకి వెళ్ళి వెతకడం వృథా. రాలిన పుల్లలు మందంగా పేరుకుని, నీడ కమ్మేసి, కింద మొక్కల్ని లేవనివ్వవు. తోట అంచు వరకు చూసి వెనక్కి తిరగండి.

రాఘవ_కాప్రా

పైన చెప్పిన దారి సరైనది. ఒకేలా కనిపించి తప్పుదారి పట్టించేవాటి గురించి నేను రాస్తాను, ఎందుకంటే యాప్‌లు తడబడేది సరిగ్గా అక్కడే.

ఇసుకలో పసుపు చామంతి లాంటి పువ్వు కనిపిస్తే వెంటనే పేరు పెట్టకండి. పువ్వు నడుమ చూడండి. నడుమ నుంచి అంచు దాకా అన్నీ పొడవాటి పట్టీల్లాంటి రేకులే ఉండి, ఒక్కో పట్టీ కొసన అయిదు పళ్ళుండి, ఆకు తుంచితే పాలు వస్తే లౌనియా. నడుమ పసుపు బొడిపె, చుట్టూ కొద్దిపాటి లేత రంగు రేకులు, ఒక్కోటి కొసన మూడు పళ్ళు, పొడవాటి కాడ, నూగున్న ఆకులు ఉంటే గడ్డి చామంతి. ఇది అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చింది. నడుమ బొడిపె ఉండి, ఆకులు మెరుస్తూ మూడు కోణాలుగా, చాపలా అల్లుకుపోయి ఉంటే అది తోటల నుంచి తప్పించుకున్న వెడీలియా. రిసార్టుల పక్కన ఎక్కువగా దొరుకుతుంది.

పల్లేరు రెండు. చిన్న పల్లేరుకు చింతాకులా జతలుగా చిట్టి ఆకులు, విడివిడిగా అయిదు పసుపు రేకులు. కాయ ముదిరితే అయిదు ముక్కలవుతుంది, ప్రతి ముక్కకూ ముళ్ళుంటాయి. ఏనుగు పల్లేరుకు ఒక్కో ఆకు విడిగా, అంచు పళ్ళు పళ్ళుగా ఉంటుంది. పువ్వు గొట్టంలా ఉంటుంది, కాయకు నాలుగు మూలల నాలుగు ముళ్ళు. అనుమానం ఉంటే రాలిన ఆకు ఒకటి సీసా మూతలో నీళ్ళు పోసి కాసేపు కలపండి. ఏనుగు పల్లేరైతే నీళ్ళు జిగురుగా తేలతాయి.

గలిజేరు, అటికమామిడి కూరల బజార్లో కూడా కలిసిపోతాయి. గలిజేరులో కణుపు దగ్గరున్న రెండాకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పువ్వుకు కాడ ఉండదు, ఆకు మొదలులోనే ఒదిగి ఉంటుంది. అటికమామిడి పూలు సన్నటి పొడవాటి కాడల చివర గుత్తులుగా వస్తాయి, ముదురు గులాబీ రంగు, ఒక్కోటి రెండు మూడు మిల్లీమీటర్లే. దాని కాయ వేలికి అంటుకుంటుంది. వేలు పెట్టి చూస్తే చాలు.

వెంపలికి మంచి గుర్తుంది. రాలిన చిట్టి ఆకును రెండు కొసలా పట్టుకుని లాగితే అడ్డంగా తెగదు, ఈనెల వెంట చీలి బాణపు మొనలా విడిపోతుంది. గులాబీ ఊదా చిక్కుడు పూలున్న ఇతర పొదలతో కలిసిపోకుండా ఉండటానికి ఇది పనికొస్తుంది.

జిల్లేడు రెండు రకాలనూ వేరుగా రాసుకోండి. రేకులు బాగా వెనక్కి విచ్చుకుని, మొత్తం లేత ఊదా లేదా తెలుపు అయితే పెద్ద జిల్లేడు. రేకులు నిటారుగా ఉండి కొసలకు మాత్రమే ముదురు ఊదా ఉంటే రెండోది, శాస్త్రీయ నామం కేలోట్రోపిస్ ప్రొసేరా. రెండూ మన ప్రాంతపువే. పాలు మాత్రం కంట్లో పడకూడదు, కన్ను దెబ్బతింటుంది. జిల్లేడు తాకాక చేతులు కడగకుండా కళ్ళు నులుముకోకండి.

సొంతం, పరాయి సంగతి. దారుల పక్కన, బండ్లు నిలిపేచోట, చెత్త వేసేచోట కనిపించే అందమైన పువ్వుల్లో పరాయివి ఎక్కువ. బిళ్ళగన్నేరు మడగాస్కర్‌ది. బలురక్కసి మెక్సికో వైపుది. పులికంప, వయ్యారిభామ, నాగజెముడు, సర్కారు తుమ్మ అన్నీ అమెరికా ఖండాలవి. అయితే చోటును బట్టి మాత్రమే తీర్పు చెప్పకండి. జిల్లేడు, పల్లేరు మన సొంతమైనా తవ్వి పోసిన నేలల్లోనే బాగా పెరుగుతాయి. తెలుగు పేరు ఉందంటే సొంతమనీ అనుకోవద్దు. బలురక్కసికి ఎన్ని ఊళ్ళ పేర్లున్నాయో మీకే తెలుసు. ముందు జాతి తేల్చుకోవాలి, ఆ తర్వాతే అది ఎక్కడిదన్న ప్రశ్న.

భూతద్దం

ఫొటోల గురించి. పువ్వొక్కటే తీసి ఇంటికి తెస్తే సగం మొక్కలకు పేరు దొరకదు. ప్రతి మొక్కకూ ఇవి కావాలి: చుట్టూ నేల కనిపించేలా మొత్తం మొక్క, పువ్వు ముందునుంచి, పువ్వు పక్కనుంచి (కింద పచ్చటి రక్షక పత్రాలు కనిపించాలి), ఆకు పైభాగం, అదే ఆకు అడుగు, కాడకు ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా మార్చి మార్చి ఉన్నాయా తెలిసేలా ఒకటి, కాయ ఉంటే కాయ. పక్కన 15 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలు పెట్టండి. నాణెం పెడితే తర్వాత ఏ నాణెమో తెలియక కొలత పోతుంది.

తెల్లటి ఇసుక మీద ఫోన్ మోసపోతుంది. చుట్టూ వెలుగు ఎక్కువని పువ్వును నల్లబరుస్తుంది. తెరమీద పువ్వును తాకి, వెలుతురు గీతను కొంచెం పైకి జరపండి. పసుపు పువ్వులకు దీనికి తారుమారు. ఈనెలు, గీతలు కరిగిపోయి పసుపు ముద్దలా వస్తుంది కాబట్టి వెలుతురు కిందికి జరపాలి. ఎండ ముదిరాక అయితే గొడుగు నీడ పడేలా పట్టుకుని తీయండి. నీడ పువ్వు మీద మొత్తం పడాలి, సగం పడితే ఫొటో చెడిపోతుంది. జూమ్ చేయొద్దు. ఒక జానెడు దూరం నుంచి తీసి ఇంట్లో కత్తిరించుకోండి. మరీ దగ్గరికెళ్తే మామూలు ఫోన్ మొక్క వదిలేసి వెనకున్న ఇసుకను పట్టుకుంటుంది. అలా అవుతుంటే పువ్వు వెనక అరచేయి అడ్డుపెట్టండి.

గాలి పెద్ద శత్రువు. తెల్లవారుజామున తక్కువగా ఉండి, పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి పెరుగుతుంది. చిరివేరు లాంటి సన్నటి మొక్కల్ని అందుకే మొదట తీసేయండి. బలబంద ఎనిమిదిన్నరకైనా ఆగుతుంది. కానీ చిట్టి పూలు ఆగిన క్షణం దొరకాలంటే ఒక్కోదానికి పదేసి ఫొటోలు తీయక తప్పదు.

భూతద్దం మొక్కకు దగ్గరగా పెట్టి మీరు దూరం నుంచి చూస్తే ఏమీ కనపడదు. అద్దం కంటికి ఆనించినంత దగ్గర పెట్టుకుని, పువ్వునో మీ తలనో రెండున్నర సెంటీమీటర్ల దూరం దాకా తీసుకురండి. 10 రెట్ల అద్దం పనిచేసే దూరం అదే.

యాప్ సంగతి: బాగా ఫొటోలున్న మొక్కల వైపే అది మొగ్గుతుంది. మొక్కల ఫొటోలు నమోదు చేసి పేర్లు తేల్చుకునే ఐనాచురలిస్ట్ యాప్‌లో అయితే ఒకే నమోదుకు పువ్వు, ఆకు, కాయ ఫొటోలు కలిపి పెట్టండి. తేదీ, చోటు తప్పకుండా ఉండాలి. అది కుటుంబం, ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) వరకు చెప్పింది సాధారణంగా పనికొస్తుంది. జాతి పేరును మాత్రం రాఘవ గారు చెప్పిన గుర్తులతో సరిచూసుకున్నాకే ఒప్పుకోండి. ఇంకో ముఖ్యమైన మాట: వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి పంపుకున్న ఫొటోల్లో చోటు వివరాలు పోతాయి. నలుగురి ఫొటోలు ఒకచోట చేర్చేటప్పుడు అసలు ఫైళ్ళనే పంపుకోండి.

శ్రావణి_ఉప్పల్

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇంకొక ప్రశ్న. వెళ్ళేలోపు మాకు మూడు వారాలుంది. ఈ గుర్తుల్ని హైదరాబాద్‌లోనే సాధన చేయడానికి ఈ ఎండల్లో ఎక్కడికి వెళ్ళాలి? కేబీఆర్ పార్కు, యూనివర్సిటీ అడవి అని కొందరు అంటున్నారు.

చెరువుశిఖం

అడవికంటే చెరువులకు వెళ్ళండి. ఏప్రిల్, మే నెలల్లో మన రాళ్ళ పొదలు ఎండి నిద్రపోతుంటాయి. రేల లాంటి చెట్ల పూత తప్ప నేలమీద చూసేది తక్కువ. నీరు వెనక్కి తగ్గిన చెరువు అడుగులో మాత్రం అదను ఇప్పుడే. అమీన్‌పూర్, శామీర్‌పేట, ఉస్మాన్‌సాగర్ అంచుల్లో నీటి నుంచి గట్టువైపు నడిస్తే సూర్యలంకలో చూడబోయే పట్టీల పద్ధతే ఇక్కడా కనిపిస్తుంది. అక్కడ ఉప్పు, ఇసుక మొక్కల్ని విడదీస్తాయి, ఇక్కడ తేమ విడదీస్తుంది.

బురద ఆరుతున్న చోట నేలకు అతుక్కుని, ముడతల ఆకులతో పరుచుకున్నది హంసపాదు. ఆకు ఒకవైపు మొదలు పెద్దది, రెండోవైపు చిన్నది. దాని తెల్లటి పువ్వు చూడాలంటే భూతద్దం కావాలి, కాబట్టి అద్దం పట్టుకునే అలవాటుకు ఇంతకంటే మంచి మొక్క లేదు. కొంచెం పైన మాచిపత్రి, పసుపు గుండీల్లాంటి పూలతలలు. బోడసరం ఊదా బంతులు కూడా అక్కడే, కాడ వెంట రెక్కలుంటాయి, నలిపితే ఘాటు వాసన. ఏప్రిల్ దాటితే బోడసరం ఎండిపోతుంది కాబట్టి ముందు దాన్ని చూసుకోండి. బొక్కెనాకును ఇక్కడే గుర్తుపట్టడం నేర్చుకుంటే తీరంలో తడుముకోనక్కర్లేదు. గట్టు ఎక్కాక నేల వాకుడు: పసుపు ముళ్ళు, ఊదా పూలు, వంగకాయ కుటుంబం. వెంపలి, జిల్లేడు, గడ్డి చామంతి మన ఖాళీ ప్లాట్లలోనే ఉన్నాయి. వాటిమీద ఆకు చీల్చే పరీక్ష, రేకుల పరీక్ష చేసుకోండి.

చెరువు అడుగు పైకి పెళుసుగా ఎండినట్టుండి కింద మెత్తగా ఉంటుంది. కర్రతో పొడిచి చూసి అడుగేయండి. మురుగు కలిసే మూలల్లోకి వెళ్ళొద్దు.

గడ్డినేలే చూడాలనుకుంటే వికారాబాద్ వైపు ఎంకతల మైదానం ఉంది. దానికి మాత్రం ఆగస్టు, సెప్టెంబర్ మేలు. నేలమీద గూళ్ళు పెట్టే పక్షులుంటాయి, బండి దారి దిగనీయకండి.

తీరపుగడ్డి

చెరువుల సలహా చాలా బాగుంది, తప్పకుండా చేయండి.

సూర్యలంకకు సంబంధించి మిగిలినవి. పక్కనే వాయుసేన కేంద్రం ఉంది. దాని కంచె వైపు నడవొద్దు, కెమెరా అటు తిప్పొద్దు. మే నెలలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళ పిల్లలు ఇంకా బయటికి వచ్చే అవకాశముంది. చీకట్లో టార్చి వేసుకుని ఒడ్డున తిరగకండి, కంచె కట్టిన గూళ్ళ దగ్గరికి పోకండి. వెలుతురు పడేదాకా ఆగి మొదలుపెడితే మీ పూలకూ నష్టం లేదు.

చెప్పులతో వెళ్ళొద్దు. పల్లేరు ముల్లు పలచటి అట్టలోంచి దిగుతుంది, రావణాసురుని మీసాల ఆకు కొసలు సూదుల్లా గుచ్చుకుంటాయి. మందపాటి అడుగున్న బూట్లు, చీలమండ దాటే ప్యాంటు, ఆ మీసాల గడ్డి దగ్గర వంగేటప్పుడు కళ్ళద్దాలు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఒక ఓఆర్ఎస్ పొట్లం. మొగలి పొదల్లో, గుట్టలుగా పడ్డ ఎండు తాటాకుల్లో చేయి పెట్టకండి, పాములుంటాయి. దిబ్బ ఏటవాలు మీద అడ్డంగా నడిస్తే తీగల కణుపుల దగ్గరి వేళ్ళు తెగి ఇసుక జారుతుంది. పశువులు, జాలర్లు వేసిన బాటల్లోనే ఎక్కి దిగండి.

నోటుబుక్కులో ప్రతి మొక్క పేరు పక్కన మూడు సంగతులు రాయండి: నీటి అంచు నుంచి ఎన్ని అడుగులు, గంట ఎంత, పువ్వు విచ్చుకుందా ముడుచుకుందా. పేరు తెలియకపోతే మొక్క 1, మొక్క 2 అని రాసి ఫొటో నంబరు వేయండి. రెండో ఉదయం అదే దారిలో మళ్ళీ నడవండి, కొత్త దారి వెతకొద్దు. మొదటిరోజు మొగ్గగా ఉన్నవి, ఆలస్యంగా వెళ్ళి ముడుచుకుపోయి దొరికినవి రెండోరోజు తేలతాయి.

తిరుగు రైలెక్కే ముందు బూట్ల అడుగులు, ప్యాంటు మడతలు, సంచుల అడుగులు బాపట్లలోనే దులిపేయండి. ముళ్ళ కాయలు, జిగురు కాయలు వాటిలోనే దాక్కుంటాయి.